ఉప్పు వైపు వేసిన వల

ఇనుము మీద ఇనుము మోగుతోంది.

పొద్దున్నే మొదలైంది ఆ చప్పుడు. ఠంగ్. కాసేపు ఏమీ లేదు. కీచుమని ఏదో తిరిగినట్టు. మళ్ళీ ఠంగ్. నీళ్ళు వెళ్ళిపోయిన సముద్రం అడుగున చప్పుడుకి అడ్డం ఉండదు. ఒకప్పుడు అలలు వచ్చినంత సులువుగా అది ఇసుక మీదుగా ఊళ్ళోకి వచ్చి, అక్‌తూజ్‌లో మిగిలిన పదకొండు ఇళ్ళ తలుపులూ వరసగా తట్టింది.

జనం బయటికొచ్చారు. చప్పుడు ఇసుకలో ఆగిపోయిన ఓడ దగ్గర్నించి. ఆ ఓడ మీద చెయ్యి వేసే ధైర్యం ఆ ఊళ్ళో ఎవరికీ లేదు. రెండేళ్ళ కిందట పాత ఇనుము కొనేవాళ్ళు వస్తే, దాని కెప్టెన్ సదువకాస్ తుపాకీ ఒళ్ళో పెట్టుకుని మూడు రోజులు ఓడ నీడలో కూర్చున్నాడు. వాళ్ళు వెళ్ళిపోయాక ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అప్పట్నించి తిండికీ అవసరానికీ తప్ప లేచింది లేదు.

"అన్నకి పిచ్చెక్కిందా, ఓడకి దొంగలు పడ్డారా?" అన్నాడు జుమాష్. సదువకాస్‌కి చిన్నాన్న కొడుకు. ఊళ్ళో ట్రాక్టరు ఉన్నవాడు అతనొక్కడే.

దగ్గరికి పోయి చూస్తే, ఓడ పక్కన నిచ్చెన మీద సదువకాస్ భార్య ఒరిన్షా. తెల్ల తలగుడ్డ నుదుటి మీదికి లాగి కట్టుకుంది. చేతిలో మోచేతి పొడవు పానా. విప్పిన నట్టు కింద పెట్టిన పాలక్యానులో పడ్డప్పుడల్లా ఠంగుమంటోంది.

"వదినా! దిగు. అన్న చూశాడంటే నిన్ను కాల్చి నన్ను పాతిపెట్టమంటాడు."

"లేచి కాలిస్తే సంతోషమే. ముందు లేవమను."

"ఆ నట్లేం చేసుకుంటావ్? పులుసు పెడతావా?"

"వలకి కడతా."

జుమాష్ నవ్వబోయి ఆగాడు. ఎందుకు కడుతుందో అతనికి తెలుసు. పది రోజులుగా ఊరందరికీ చెబుతూనే ఉంది ఆమె, వినే చెవి దొరక్క.

తొంభైమూడు శరదృతువు అది. అరల్ సముద్రం ఊరికి నలభై కిలోమీటర్ల అవతలికి జరిగిపోయింది. చేపల ఫ్యాక్టరీకి తాళం పడి రెండేళ్ళు. బావుల్లో నీళ్ళు కళ్ళు కడుక్కోడానికి కూడా పనికిరానంత ఉప్పు. పదిహేను రోజులకోసారి వచ్చే నీళ్ళ లారీ ఒక్కటే ఊరికి ఊపిరి. దాని డ్రైవర్ ఒండసిన్ మంచివాడు. నీళ్ళు దింపడం అయ్యాక కూడా గొట్టాన్ని చాలాసేపు పైకెత్తి పట్టుకునేవాడు, చివరి చుక్క దాకా. పది రోజుల కిందట మాత్రం గొట్టం చుట్టేస్తూ తల దించుకుని చెప్పాడు.

"అక్కా, జిల్లా ఆఫీసువాళ్ళు నన్ను చెప్పమన్నది చెబుతున్నా, నన్ను తిట్టకండి. ఇది చేపలు పట్టే ఊరని లారీ పంపిస్తున్నారంట. చేపలు లేకపోతే చేపల ఊరు కాదంట. మొదటి మంచు పడేలోగా ఇక్కణ్ణించి ముప్పై పెట్టెల చేప రైల్వే స్టేషన్‌కి చేరాలి. చేరకపోతే నన్ను ఇటు రావద్దన్నారు."

"రాకపోతే?"

"రెండు లారీలు పంపుతారు. మనుషుల్ని, సామాన్లని ఎక్కించుకుపోడానికి."

ఒరిన్షా ఆ మాట మోసుకుని ఇంట్లోకి వెళ్ళింది. గోడకి తగిలించిన తివాచీ వైపు మొహం తిప్పి పడుకున్న మొగుడి వీపుకి చెప్పింది. వీపు కదల్లేదు. దానిలోంచి మాట వచ్చింది.

"మీరు పొండి. నేను రాను."

"నీళ్ళు ఉండవయ్యా."

"అదే చెబుతున్నా. నేను రాను."

ముప్పై ఏడేళ్ళ కాపురంలో ఆయన రెండుసార్లు చెప్పిన మాట ఏదీ తప్పింది లేదు. ఒరిన్షా చెంబు తీసుకుని పీపా దగ్గరికి వెళ్ళి, నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో వేలు పెట్టి చూసుకుంది. ఆయన ప్రాణం అంతవరకే ఉందని ఆ తడి గుర్తు చెప్పింది.

*

ఆమె ఏడో తరగతి దాకా చదువుకుంది. సముద్రం ఇంకా ఫ్యాక్టరీ మెట్లకి దగ్గర్లోనే ఉన్న రోజుల్లో, ఒడ్డున చేపల పరిశీలన కేంద్రంలో నేల తుడిచే పనికి కుదిరింది. అక్కడ నీనా అర్కాద్యెవ్నా అని ఒక రష్యన్ ఆవిడ ఉండేది. సన్నగా, ఎప్పుడూ జలుబుతో. ఒకనాడు విమానంలో కొంత దూరం, లారీలో కొంత దూరం వచ్చి పాలక్యాన్లు దిగాయి. వాటిలో పాలు లేవు. ఎక్కడో అజోవ్ సముద్రం నీళ్ళు, అందులో గోరంత చేపపిల్లలు. ఈ సముద్రం ఉప్పెక్కుతోంది కాబట్టి ఉప్పుకి ఓర్చుకునే చేపని తెచ్చామంది నీనా. పేరు కంబాలా.

గాజు జాడీల్లో పోశారు. తుడుపుగుడ్డ చేతిలో పట్టుకుని ఒరిన్షా రోజూ ఆ జాడీల ముందు ఆగేది. అవి అన్ని చేపల్లాగే నిటారుగా ఈదేవి. ఇటొక కన్ను, అటొక కన్ను. రోజులు గడిచాయి. ఒక కన్ను నడవడం మొదలుపెట్టింది. నిజంగానే నడిచింది. నుదురు ఎక్కి, మలుపు తిరిగి, రెండో కన్ను ఉన్న వైపుకి వచ్చి, కొత్త పొరుగింటికి వచ్చినట్టు పక్కన చేరింది. ఆ తర్వాత పిల్ల ఒక పక్కకి ఒరిగింది. ఒరిగి ఒరిగి జాడీ అడుగున పడిపోయింది.

ఒరిన్షా ఏడుపు మొహంతో పరుగెత్తింది. "అమ్మా, చచ్చిపోతోంది, పడిపోయింది!"

నీనా వచ్చి చూసి, ముక్కు తుడుచుకుని అంది. "చావట్లేదు. కుదురుకుంటోంది."

అవి పడుకుని బతికే చేపలని అప్పుడు తెలిసింది. ఇసుక వేస్తే ఎగజిమ్మి మీద కప్పుకునేవి. రెండు కళ్ళు మాత్రం బయట పెట్టేవి. ఇసుక తీసేసి జాడీని పూల బల్లగుడ్డ మీద పెడితే, ఒంటి మీద పూలు వేసుకోబోయేవి. పూలు రాకపోయినా మచ్చలు మచ్చలుగా ఏదో ప్రయత్నం. ఆ ప్రయత్నం చూస్తే ఒరిన్షాకి కొత్త కోడలిగా అత్తవారింట్లో ఆ ఇంటి రంగు తెచ్చుకోవాలని పడిన పాట్లు గుర్తొచ్చేవి.

ఇంకోటి కూడా చూసింది. నీనా ఆ చేప గుడ్లని నాలుగు జాడీల్లో వేసింది. మొదటిదాంట్లో నది నీళ్ళు. చివరిదాంట్లో ఉప్పు నీళ్ళు. నది నీళ్ళలో గుడ్లు అడుగుకి జారి తెల్లబడి చచ్చిపోయాయి. ఉప్పు జాడీలో మాత్రం తేలుతూ నిలిచాయి, చిన్న చిన్న దీపాల్లా.

ఇంటికొచ్చి మొగుడికి చెబితే సదువకాస్ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయన అప్పుడు జిల్లాలోకెల్లా పెద్ద ఓడకి కెప్టెన్. వలలో టాబన్ చేపలు వెండి తలుపుల్లా పడే రోజులు.

"రెండు కళ్ళూ ఒకవైపేనా? ఇంటికి చుట్టాలొస్తే ఆ తల ఎవరి ముందు పెడతావే? నీ మొహం చూడలేకున్నాం లేచిపొమ్మన్నట్టు ఉంటుంది."

ఆ ఊళ్ళో చేప వండితే తలకాయ పెద్ద చుట్టం ముందు పెడతారు. కళ్ళు చెరో వైపు ఉండి, ఇంటివాళ్ళనీ వచ్చినవాళ్ళనీ సమానంగా చూస్తాయని. వంకర మొహం చేపని ఏ ఇల్లాలూ గిన్నెలో వెయ్యలేదు. ఎప్పుడైనా ఒకటి వలలో పడితే ఉమ్మి, సముద్రంలోకి విసిరేసేవాళ్ళు.

తర్వాత ఉప్పు వచ్చింది. నీళ్ళు పోతూ ఉప్పుని మాత్రం వదిలేసిపోయాయి. మొదట రెల్లు చచ్చిపోయింది. దాని వెనక టాబన్. టాబన్ ఒక్కసారి చావలేదు, అదే ఒరిన్షాకి ఇప్పటికీ మింగుడుపడదు. వలలో పడ్డ చేపలన్నీ ముసలివి కావడం మొదలైంది. ఏడాదికేడాది ఇంకా పెద్దవి, ఇంకా ముసలివి. పిల్ల అన్నది లేదు. మగవాళ్ళు ఎంత లావు చేపలో అని మురిసిపోయారు. ఒరిన్షా ఆ చేపల్ని చూసి, బడి గంట మోగని తన ఊరిని చూసి, మురవలేకపోయింది. ఒక ఏడాది వల ఖాళీగా లేచింది.

నీళ్ళు వదిలిన నేల మీద మాత్రం ఒక మొక్క వచ్చింది. ఉప్పుని వేళ్ళతో తాగి, ఒంట్లో దాచుకుని, చలి ముదిరేసరికి ఎర్రగా మండిపోయే మొక్క. సముద్రం పోయిన వైపంతా ఎరుపు. కేంద్రం మూసేసి వెళ్ళిపోతున్న రోజు నీనా ఆ ఎరుపు చూస్తూ చాలాసేపు నిలబడింది. పోతూ పోతూ ఒరిన్షాకి ఒక పాలక్యాను ఇచ్చింది.

*

ఒండసిన్ మాట చెప్పి వెళ్ళాక, సదువకాస్ కాక ఊళ్ళో మిగిలిన నలుగురు మగవాళ్ళు జుమాష్ ట్రాక్టరుకి చిన్న పడవ కట్టి రెండుసార్లు సముద్రానికి వెళ్ళారు. రెండుసార్లూ నది కలిసే చోటుకే వెళ్ళారు. తాతల నాటి నుంచీ అంతే. చేప తీపి నీళ్ళని వెతుక్కుంటుంది, మనిషి చేపని వెతుక్కుంటాడు. ఆ దారి వాళ్ళ కాళ్ళకే తెలుసు. తేలే బెండులు కట్టిన వలని నిటారుగా, బిర్రుగా నిలబెట్టారు. మూడేసి రోజులు కాపు కాసి, నాచు దులుపుకుని తిరిగొచ్చారు.

"అటు కాదు," అంది ఒరిన్షా. "పడమటి అఖాతానికి పొండి. నీళ్ళు బాగా ఉప్పెక్కినచోటికి."

"అక్కడ నీళ్ళు కూడా చచ్చిపోయాయి వదినా. చేతులు ముంచితే పొరలు లేస్తున్నాయి."

"మీ చేతులు చేపలు కావు. కంబాలా అక్కడే ఉంటుంది. తీపి నీళ్ళలో దాని గుడ్డు మునిగి చస్తుంది. నేను చూశా."

"చీపురు చేత్తో పట్టుకుని చూశావు," అన్నాడు జుమాష్. "మేం నలభై ఏళ్ళు వల చేత్తో పట్టుకుని చూశాం."

మగవాళ్ళు నవ్వారు. నవ్వులో జీవం లేదు. ఆ సాయంత్రం పీపాలో తడి గుర్తు ఇంకో నాలుగు వేళ్ళు దిగింది. ఉత్తరం నుంచి గాలి మొదలైంది. మంచు వాసన ఉన్న గాలి.

వల అడుగుకి దిగాలంటే బరువు కావాలి. గిడ్డంగిలో సీసపు గుళ్ళు ఎప్పుడో మాయమయ్యాయి. జింకల వేటకి తూటాలుగా పోత పోసుకున్నారు. ఊళ్ళో బరువైన ఇనుము ఒకేచోట మిగిలి ఉంది.

అందుకే ఆ పొద్దున ఠంగ్, ఠంగ్.

జనం చూస్తుండగానే ఊరివైపు నుంచి సదువకాస్ వచ్చాడు. చెప్పులు లేవు. లోపలి చొక్కా మీద పాత కెప్టెన్ కోటు. రెండేళ్ళ తర్వాత ఎండలో చూస్తే మనిషి సగమయ్యాడు. ఎవరో ఒకావిడ "అయ్యో" అంది. జుమాష్ మెల్లిగా నిచ్చెన అడుగుకి జరిగాడు, వదిన పడితే పట్టుకుందామని.

"ఏం చేస్తున్నావే?"

"విప్పుతున్నా."

"అది నా ఓడ."

"నీ ఓడే. కాదన్నానా? ఇరవై ఏళ్ళు నన్ను బతికించింది. ఇంకొక్కసారి బతికించమంటున్నా."  నట్టు కదలడం లేదు. రెండు చేతులతో వేలాడింది. పానా జారి పిడికిలి ఇనుముకి కొట్టుకుంది. వేళ్ళ కణుపుల మీద రక్తం. "నువ్వు రానన్నావు. నిన్ను వదిలేసి నేను లారీ ఎక్కుతాననుకున్నావా? ఇద్దరం ఇక్కడే గొంతెండి చద్దాం. ఎవరు ముందు పోతే వాళ్ళకి రెండోవాళ్ళు నీళ్ళు కూడా పొయ్యలేరు. అది నీకు ఇష్టమైతే చెప్పు, దిగొస్తా."

ఆయన ఓడ పొట్ట మీద అరచెయ్యి ఆనించాడు. రంగు పొరలుగా లేచి చేతికి అంటుకుంది. 

"అది తుప్పు కాదు," అన్నాడు చివరికి. బొంగురు గొంతు. "ఇరుసు దగ్గరివి ఎడమ మరవి. కుడివైపు తిప్పు."

ఒరిన్షా కుడివైపు తిప్పింది. నట్టు ఏడ్చినట్టు కీచుమని కదిలింది.

*

ఆడది పడవెక్కితే చేప పారిపోతుందని ఆ తీరంలో నమ్మకం. సదువకాస్‌నీ ఎక్కించుకున్న ట్రాక్టరు పడమటి అఖాతం చేరి, పడవని నీళ్ళలోకి తోశాక, ఒరిన్షా గౌను మోకాళ్ళ దాకా ఎగదోపి నిలబడింది.

"వదినా, నువ్వు ఒడ్డున టీ కాచు."

"ఏ చేప పారిపోతుంది మరిదీ? మిగిలిందే ఒకటి. దాని చిన్నప్పట్నించీ అది నన్ను ఎరుగును."

జుమాష్ అన్న వంక చూశాడు. సదువకాస్ సముద్రాన్ని చూస్తున్నాడు. ఎక్కమనలేదు, వద్దనలేదు. ఆమె ఎక్కింది.

ఒడ్డు తెల్లగా ఉంది, ఉప్పు పెచ్చులు కట్టి. పీపాలో తెచ్చుకున్న తాగే నీళ్ళు ఆ ఉదయానికే గడ్డకట్టాయి. సముద్రం గడ్డకట్టలేదు. అంత ఉప్పుకి చలి కూడా లొంగిపోయింది. నీళ్ళు చిక్కగా, ఆకుపచ్చగా, తెడ్డుకి బరువుగా తగులుతున్నాయి. పక్షి లేదు. రెల్లు లేదు. చప్పుడు లేదు. తన జాడీలో నాలుగు పిడికిళ్ళ ఉప్పు నీళ్ళు తెలుసు ఒరిన్షాకి. ఇది ఆ జాడీయేనా? పద్నాలుగేళ్ళ కిందట తుడుపుగుడ్డతో చూసింది నమ్మి ఐదుగురు మగవాళ్ళని చావు నీళ్ళలోకి తెచ్చిందా?  

"వల బిగించొద్దు," అని పదే పదే చెప్పింది. "నిలబెట్టొద్దు. ఇది పడుకునే చేప. లేస్తే జానెడు లేస్తుంది, మళ్ళీ పడుకుంటుంది. వల దాని మీద దుప్పటిలా వదులుగా పడి ఉండాలి."

ఊ అన్నాడు సదువకాస్. నట్లు కట్టిన వలని తనే దించాడు. ఆ రోజూ ఆ రాత్రీ ఆగి పొద్దున లేపారు.

ఖాళీ.

నాచు కూడా లేదు. ఒక్కో నట్టూ నీళ్ళు కార్చుకుంటూ పైకొచ్చింది, ఓడ ముక్కలు ముక్కలుగా తేలుతున్నట్టు.  జుమాష్ ఒడ్డు వైపు తిరిగి ముక్కు చీదాడు. పడమట మబ్బు ఆవు పొదుగులా కిందికి దిగింది. ఇంకో రెండు రోజులు, మూడు. అంతకంటే ఆగదు మంచు.

ఒరిన్షా పడవ అడుగున కూలబడింది.  చేతికి అందిన వల తాడు పట్టుకుని ఊరికే తడుముతూ కూర్చుంది. తడుముతూ తడుముతూ ఆగింది.

"ఏమయ్యా. ఇది బిగిసి ఉందే?"

సదువకాస్ చూశాడు.

"రెండు కొసలూ లంగరుకి బిగించావు. బిగించిన తీగలా ఉంది. వదులుగా అన్నానా లేదా?"

"వదులుగానే వేశా."

"మరి ఇదేంటి?"

ఆయన తాడుని ముట్టుకుని చూశాడు.  "నేను వదులుగానే వేశానే," అన్నాడు మళ్ళీ, మెల్లిగా, ఎవరో దొంగతనం అంటగట్టినట్టు. తర్వాత తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. తాడు కోసిన గీతలు, గీతల మీద గీతలు. నలభై ఏళ్ళు వల వదులైతే బిగించిన చేతులు. మనసు వదలమన్నా అవి బిగించాయి. ఆయనకి తెలియనే లేదు.

"చెయ్యి వినడం లేదే ఒరిన్షా."

పేరు పెట్టి పిలిచాడు. జనం ముందు ఎన్నడూ పిలవలేదు. ఆమెకి కోపం పోయి భయం వేసింది. ఈ మనిషి ఇప్పుడే ఇక్కడే నీళ్ళలోకి దిగిపోతాడేమోనని.

"నేను వేస్తా," అంది. "నువ్వు ఊరికే కూచో."

"ఊరికే కూచోలేవు ఈ చేతులు. మళ్ళీ పోతాయి తాడు మీదికి."

"అయితే వాటి మీద కూచో."

జుమాష్ ఫక్కున నవ్వాడు. నవ్వి నాలుక్కరుచుకున్నాడు. కానీ సదువకాస్ నిజంగానే ఆ పని చేశాడు. జిల్లాలోకెల్లా పెద్ద ఓడ నడిపినవాడు పడవ పలక మీద చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని, తప్పు చేసిన బడిపిల్లాడిలా కూర్చున్నాడు. అలా కూర్చుని భార్య వల దించడం చూశాడు. ఆమె వల వేస్తున్నట్టు లేదు. నిద్రపోయేవాళ్ళకి దుప్పటి కప్పుతున్నట్టు ఉంది. ముడతలు ముడతలుగా, బారెడు వదిలి, ఇంకో బారెడు వదిలి. వదులుగా జారుతున్న ప్రతి బారకీ ఆయన భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. ఒక్కసారి కూడా చేతులు బయటికి తియ్యలేదు.

మర్నాడు వల కదల్లేదు.

"అడుగున రాయికి పట్టుకుంది," అన్నాడు జుమాష్.

నలుగురు లాగారు. రాయి కాదు. బురద లేస్తున్నట్టు ముదురు గోధుమ రంగు ఏదో పైకొచ్చింది. ఆ బురద తోకలు కొట్టుకుంది. వల నిండా పళ్ళేలు. ఇసుక రంగు పళ్ళేలు, ఒక్కోదాని మీదా రెండేసి కళ్ళు, అన్నీ పైకి, అన్నీ ఒరిన్షా వైపు. ఆమె ఒకదాన్ని పొట్టకి హత్తుకుంది. దాని తెల్లటి గుడ్డివైపు తడిగా ఆమె కోటుకి అంటుకుంది.

మూడు రోజులు లాగారు. ఉప్పు నీళ్ళు వేళ్ళ సందుల్లో పగుళ్ళు కోశాయి. రాత్రుళ్ళు మంట మీద చేతులు పెట్టుకుంటే మగవాళ్ళు పైకే మూలిగారు. నాలుగోనాడు ఊరికి తిరిగొచ్చేసరికి ఓడ మీద పలచగా తెలుపు. అది ఉప్పో మంచో దూరం నుంచి తెలియలేదు.

మంచే.

ఒండసిన్ లారీ అప్పటికే వచ్చి ఉంది. నీళ్ళు దింపి, గొట్టం చుట్టి, ఎవరికి చెప్పి పోవాలో తెలియక టైర్ల చుట్టూ తిరుగుతున్నాడు. ట్రాక్టరు మీద ముప్పై పెట్టెలు చూశాడు. మూత ఎత్తాడు.

"ఇదేం చేపక్కా? నా లారీ తొక్కేసినట్టుంది."

"నీ లారీయే తొక్కింది. ఎక్కించుకో."

"మంచు పడిపోయింది కదక్కా," అన్నాడు మెల్లిగా.

 సదువకాస్ ముందుకొచ్చి ఒక పెట్టె ఎత్తాడు. చేతులు వాచి వేళ్ళు ముడవడం లేదు. ముంజేతులతో ఎత్తి లారీలో పెట్టాడు. ఇంకోటి ఎత్తాడు. ఒండసిన్ కాసేపు ఆయన చేతుల్నే చూశాడు. తర్వాత టోపీ తీసి, లారీ ముందుభాగం మీద ఉన్న మంచుని శుభ్రంగా తుడిచాడు. నంబరు పలక మీదా, అద్దం మీదా.

"నా లారీ మీద అయితే పడలేదు," అని తనూ పెట్టె ఎత్తాడు.

ఆ సాయంత్రం ఒరిన్షా పిండి రేకుల మీద కంబాలా వండింది. ఆ ఇంట్లో అది మొదటిసారి. తలకాయ ఎవరి ముందు పెట్టాలో తెలియక గరిట పట్టుకుని నిలబడింది. ఇంట్లో చుట్టం లేడు. సదువకాస్ వాచిన వేళ్ళతో పళ్ళెం జరిపి, తలని ఆమె వైపు తిప్పి పెట్టాడు. రెండు కళ్ళూ ఆమెనే చూస్తున్నాయి. ఇంకెవర్నీ చూడటం లేదు.

*

లారీ ఆ శీతాకాలమంతా వచ్చింది. పై శీతాకాలమూ వచ్చింది. ఏడిళ్ళు మిగిలాయి, తర్వాత ఐదు. ఓడ నట్లు అయిపోతే మేకులు, మేకులు అయిపోతే గొలుసు. తుప్పు రేకులు గాలికి ఒక్కొక్కటే ఊడిపోయాయి. సదువకాస్ ప్రతి ఏడూ పడమటి అఖాతానికి వెళ్ళేవాడు. వల దించేటప్పుడు చేతుల మీద కూర్చునేవాడు. చివరి దాకా ఆ చేతులు నేర్చుకోలేదు.

తర్వాత ఆనకట్ట కట్టారు. నది నీళ్ళు ఆగి, సముద్రం పొంగి, తీపి తిరిగొచ్చింది. టాబన్ వచ్చింది, దాని పిల్లలతో సహా. ఆ వార్త విన్న వారానికి సదువకాస్ పోయాడు. తిరిగొచ్చిన వలస జనంతో ఊరు నిండింది. కొత్త ఇళ్ళకి నీలం తలుపులు పెట్టారు. ఇంటికి కొళాయి వచ్చింది.

ఒరిన్షాకి ఇప్పుడు డెబ్భై దాటాయి. ఆమె గుమ్మం పక్కన ఒక పాలక్యాను ఉంటుంది, నిండా ఉప్పు కలిపిన నీళ్ళతో. ఎవరి వలలోనైనా దారి తప్పిన కంబాలా పడితే విసిరేయకుండా ఆమెకి తెచ్చివ్వడం ఊళ్ళో అలవాటైంది. మొదట్లో వారానికి పది వచ్చేవి. ఈ ఏడు మూడే వచ్చాయి. వాటిని క్యానులో వేసుకుని, జుమాష్ ట్రాక్టరు ఎక్కి, ఉప్పు ఇంకా మిగిలిన ఆ పడమటి మూలకి వెళ్ళి వదిలి వస్తుంది. ఆ మూల కూడా ఏడాదికేడాది పలచనవుతోంది. "మా వదినకి చేపల పిచ్చి," అని జుమాష్ అందరికీ చెబుతాడు. కానీ ట్రాక్టరు ఎప్పుడూ ఆపలేదు.

ఇదంతా రాసుకోడానికి వచ్చిన మనిషికి ఆమె టీ పోసింది. వద్దంటున్నా వినకుండా డబ్బాలోంచి చిటికెడు ఉప్పు తీసి కప్పులో కలిపింది.

"కొళాయి నీళ్ళతో టీ నాకు దిగదమ్మా. చప్పిడిగా, ఎవరివో కన్నీళ్ళు తుడిచేసినట్టు ఉంటుంది. సముద్రం తియ్యనైందని అందరూ పండగ చేసుకుంటున్నారు, చేసుకోవద్దూ మరి. నేనూ తీపి వండాను ఆ రోజు. కానీ నీళ్ళు చచ్చిపోయిన పదేళ్ళూ మాతో ఉన్నది ఆ కంబాలా ఒక్కటే కదా. కన్నుని నుదుటి మీదుగా నడిపించుకుని మరీ ఉంది. ఇప్పుడు దాన్ని ఇంకోసారి మారమని ఏ నోటితో చెప్పను? మా ఆయన చేతులే మారలేకపోయాయి." క్యాను మూత తీసి లోపలికి చూసింది. నీళ్ళలో ఏమీ లేదు. అయినా మూత సగమే పెట్టింది, గాలి ఆడేలా. "తాగు, చల్లారిపోతుంది. ఉప్పు చాలకపోతే అడుగు, మొహమాటపడకు."